మూడో బోల్టు

లాఠీ మళ్ళీ పైకి లేచింది కానీ కిందికి దిగలేదు. దాని కొసను వెనకనుంచి ఎవరో పట్టుకున్నారు.

ఇన్‌స్పెక్టర్ శ్రీనివాస రొప్పుతూ వెనక్కి తిరిగాడు. హోసూరు ఠాణా లాకప్పు గడప లోపల బక్కపలచని మనిషి నిలబడి ఉన్నాడు. నలభై దాటిన వయసు, ఉతికి ఉతికి వెలిసిన ఖాకీ చొక్కా, కుడి చెవిలో పైసగం లేదు. యుద్ధకాలంలో బెంగళూరు మిలిటరీ వర్క్‌షాపులో పనిచేస్తుండగా పగిలిన సానపట్టే చక్రం ముక్క ఎగిరొచ్చి ఆ చెవిని కోసుకుపోయింది. హోసూరు నుంచి సేలం దాకా పోలీసులందరికీ ఆ చెవి గుర్తే. అతని పేరు తిమ్మరాయప్ప, ప్రైవేటు డిటెక్టివ్.

"నిన్నెవరు లోపలికి రానిచ్చినారు?" అన్నాడు శ్రీనివాస.

"వీని అరుపులు రోడ్డు మీదికి వినిపిస్తా ఉండాయి. పిలుస్తున్నారేమో అనుకొని వచ్చినాను."

గోడవార పడి ఉన్న అంజినప్ప పైకి చూడటానికి ప్రయత్నించాడు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. కింది పెదవి చిట్లి గడ్డం మీదికి నెత్తురు కారుతోంది. కుడి చేతి వేళ్ళు అరటికాయల్లా వాచి ఉన్నాయి. పాతికేళ్ళ కుర్రవాడు నిలబడలేక ముసలివాడిలా గోడను పట్టుకుంటున్నాడు.

తిమ్మరాయప్పా, శ్రీనివాసా ఒకప్పుడు ఒకే పోలీసు దళంలో పనిచేసిన వాళ్ళు. ఒక హత్య కేసులో శ్రీనివాస పట్టుకున్నవాడు నిర్దోషి అని తిమ్మరాయప్ప కోర్టులో నిలబడి చెప్పాడు. మనిషి విడుదలయ్యాడు, శ్రీనివాసకు రావలసిన ప్రమోషన్ ఆగిపోయింది, తిమ్మరాయప్ప ఉద్యోగం మానేసి సేలంలో సొంతంగా పని మొదలుపెట్టాడు. అప్పటినుంచి ఒకరినొకరు చూసుకున్నప్పుడల్లా ఇద్దరి దవడలూ బిగుసుకునేవి. ఇప్పుడు అంజినప్ప తరఫు వకీలు తిమ్మరాయప్పను పంపాడు. ముద్దాయితో మాట్లాడనివ్వక తప్పదని శ్రీనివాసకు తెలుసు. లాఠీని విదిలించి లాక్కొని, బల్ల మీద కూర్చుని, మాట్లాడుకోమన్నట్టు చెయ్యి ఊపాడు.

కేసు శ్రీనివాస లెక్కలో చాలా చిన్నది. సోమవారం మధ్యాహ్నం, కృష్ణగిరి రోడ్డు పక్కనున్న తన షెడ్డులో మెకానిక్ గోవిందప్ప చచ్చిపడి ఉన్నాడు. గుండు సుత్తితో కొట్టిన దెబ్బలకు తల వెనకభాగం లోపలికి దిగిపోయింది. అతని దగ్గరే పని చేసే బావమరిది అంజినప్ప ఆ తలను ఒళ్ళో పెట్టుకొని, ఒళ్ళంతా నెత్తుటితో కూర్చుని ఉన్నాడు. రిపేరుకొచ్చిన కారులో అంజినప్ప బోల్టు తీయబోయి ఇంజన్ పాడుచేశాడు, గోవిందప్ప తిట్టాడు, వాడు సుత్తి ఎత్తాడు. ఇదీ పోలీసుల కథ.

తిమ్మరాయప్ప కుండలోని నీళ్ళు ముంచి అంజినప్ప చేత తాగించాడు. అతను చెప్పే దాకా అడగలేదు. గొంతు తడిసిన తర్వాత అంజినప్ప మాట పెగిలింది.

కారు కృష్ణగిరి మామిడి మండీ యజమాని ద్వారకనాథ్‌ది. దాని ఇంజన్‌లోకి నీళ్ళు దిగుతుంటే డ్రైవరు రామప్ప తానే బాగుచేద్దామని సిలిండర్ హెడ్డు, అంటే ఇంజన్ మీద మూతలాంటి భాగం, ఊడదీయబోయాడు. బోల్టులు తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉన్నాయి. రామప్ప స్పానరుకు పొడుగు గొట్టం తొడిగి బలమంతా పెట్టి తిప్పాడు. మూడు బోల్టుల తలలు తెగిపోయాయి. విరిగిన బోల్టును ఇంజన్‌కు దెబ్బ తగలకుండా తీయగలవాడు ఆ చుట్టుపక్కల గోవిందప్ప ఒక్కడే. అందుకే కారును లాక్కొచ్చి అతని షెడ్డులో పెట్టారు. గోవిందప్ప హెడ్డు పైకెత్తి, కింద ఇంజన్ బ్లాకులో ఇరుక్కున్న మూడు ముక్కల చుట్టూ కిరసనాయిలు పోసి రెండు రోజులు నాననిచ్చాడు. సోమవారం పొద్దున రెండింటిని తీశాడు. మూడోదాని మీద మడ్డి తుడిచాడు. తుడిచి ఆగిపోయాడు.

"ఆగి ఏం చేసినాడు?" అన్నాడు తిమ్మరాయప్ప.

"చాలాసేపు దాన్నే చూస్తా నిలబడినాడన్నా. 'ఈ ఇంజన్ కాలిపోయింది గదరా' అన్నాడు. నాకు అర్థం కాలేదు. పో, మీ అక్కను పిల్చుకొని రా అన్నాడు. అంతే. నేను మళ్ళీ వచ్చేసరికి..."

వాచిన వేళ్ళతో ముఖం కప్పుకున్నాడు.

అక్క నాగక్క ఆ రోజు బేరిగైలో చుట్టాల ఇంటికి వెళ్ళింది. ఇంటికి తాళం చూసి అంజినప్ప ఒక్కడే తిరిగి వచ్చాడు. అతను పోయేటప్పుడు డ్రైవరు రామప్ప షెడ్డు బయట బీడీ కాలుస్తూ ఉన్నాడు. తిరిగి వచ్చేసరికి లేడు. ఆ సంగతి తామూ విచారించామని శ్రీనివాస బల్ల మీదనుంచే చెప్పాడు. రామప్ప ఆ వేళకు హోటల్లో భోజనం చేస్తున్నాడట. ద్వారకనాథ్ తీసుకొచ్చిన హోటలువాడు సాక్షి.

"మెకానిక్ పని మధ్యలో పెండ్లాన్ని ఎందుకు పిలిపించినాడు?" అన్నాడు తిమ్మరాయప్ప.

"అన్నం తెమ్మని అయ్యుంటుంది. దాన్ని కూడా రహస్యం చేస్తావా?"

"అన్నం కావాలంటే తమ్ముడు తెస్తాడు. అక్కను పిల్చుకొని రమ్మన్నాడు."

శ్రీనివాస టోపీ పెట్టుకొని లేచాడు. రెండు గంటలకు ముద్దాయిని కృష్ణగిరి మేజిస్ట్రేట్ దగ్గరకు పంపుతున్నానని, ఆ వేళకే రామప్ప వచ్చి కారును తీసుకుపోతాడని, చూసుకోవలసిందేమైనా ఉంటే అంతలోపల చూసుకోమని అన్నాడు. తానూ వెంట వస్తానన్నాడు. తిమ్మరాయప్ప ఓడిపోవడం కళ్ళారా చూడాలని అతనికి ఉంది.

ఠాణా మెట్ల మీద నాగక్క కూర్చుని ఉంది. మొగుడు చచ్చి నాలుగో రోజు. తమ్ముడు లోపల దెబ్బలు తింటుంటే ఆ శబ్దం వింటూ పొద్దుటినుంచి అక్కడే ఉంది. తిమ్మరాయప్పను చూసి లేచింది. ఏడుపు అంతా అయిపోయి ఆమె ముఖం ఎండిన మట్టిలా ఉంది. తన మొగుడు తనను ఎందుకు రమ్మన్నాడో తెలుసుకొని చెప్పమని మాత్రం అడిగింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా షెడ్డుకు పిలవలేదట. తిమ్మరాయప్ప ఆమెను వెంట రమ్మన్నాడు.

షెడ్డు తలుపు దగ్గర కాపలా ఉన్న కానిస్టేబుల్ పక్కకు తప్పుకున్నాడు. నాగక్క గుమ్మం బయటే ఆగిపోయింది. లోపల కిరసనాయిలు వాసనా, దాని కింద ఇంకో వాసనా ఉన్నాయి. కారు బానెట్ తీసేసి ఉంది. దాని ముందు నేల మీద నెత్తురు నల్లగా ఎండి పెచ్చులు కట్టింది. గోడ మీద మనిషి ఎత్తు దాకా చిమ్మిన చుక్కలున్నాయి. కొట్టినవాడు ఒక్క దెబ్బతో ఆపలేదు. పడిపోయిన తర్వాత కూడా కొట్టాడు.

తిమ్మరాయప్ప ముందు పనిబల్ల దగ్గరకు వెళ్ళాడు. గోవిందప్ప తీసిన రెండు బోల్టు ముక్కలు గుడ్డ మీద పక్కపక్కనే ఉన్నాయి. ఎత్తి వెలుతురుకు పట్టుకున్నాడు. రెండింటికీ సరిగ్గా నడిమధ్య సన్నటి రంధ్రం. ముందు పంచి అనే మొనదేలిన ఉక్కు కడ్డీతో గుంట పెట్టి, ఆ గుంటలో డ్రిల్లు బిట్టు నిలిపి, తొందరపడకుండా తొలిచి, రంధ్రంలోకి నలుపలకల ఉక్కు మేకు దిగ్గొట్టి ఎడమవైపుకు తిప్పి తీశాడు. బ్లాకులో మర మీద గీత కూడా పడలేదు.

తర్వాత ఇంజన్ మీదికి వంగాడు. మూడో బోల్టు దగ్గర దృశ్యం వేరు. పంచి గుంట లేదు. డ్రిల్లు పక్కకు జారి, బోల్టు అంచును, దాని పక్కనున్న లోహాన్ని కలిపి కొరికేసింది. విరిగిన బిట్టు లోపలే ఇరుక్కుని ఉంది. దాని చుట్టూ సుత్తి దెబ్బలు.

"చూసినావా," అన్నాడు శ్రీనివాస. "ఇదే ఆ పిల్లవాడు చేసిన ఘనకార్యం. దీనికే గొడవ."

తిమ్మరాయప్ప మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎండిన నెత్తుటి మీద సన్నటి లోహపు పొట్టు పడి ఉంది. గోటితో ఒక చుట్టను ఊడదీశాడు. దాన్ని అరచేతిలో పెట్టి ఇన్‌స్పెక్టర్ ముఖం ముందుకు చాచాడు.

"కింద ఏముంది?"

"నెత్తురు."

"పైన?"

శ్రీనివాస వంగి చూశాడు. పొట్టు పైభాగం శుభ్రంగా, పచ్చగా మెరుస్తోంది.

"డ్రిల్లు ముందు పట్టి, మనిషిని తర్వాత చంపి ఉంటే, పొట్టు కిందా నెత్తురు పైనా ఉండాల. ఈడ నెత్తురు మీద పొట్టు పడింది. అంటే గోవిందప్ప చచ్చి పడి ఉన్నాడు. చంపినవాడు ఆ శవం మీదనుంచి వంగి, డ్రిల్లు పట్టినాడు. బిట్టు విరిగితే సుత్తి తీసుకున్నాడు. బయట అంజినప్ప అడుగుల చప్పుడు వినిపించేదాకా కొడుతూనే ఉన్నాడు, వినగానే వెనకవైపునుంచి జారుకున్నాడు. బావ చచ్చిపోయినాక బోల్టు తీయాల్సిన పని అంజినప్పకు ఏముంది?"

పనిబల్ల మీద రాలిన పొట్టు గాలికి వచ్చి పడి ఉండవచ్చని శ్రీనివాస అన్నాడు. తిమ్మరాయప్ప ఒక మేకు తీసుకొని మూడో బోల్టు చుట్టూ గీరాడు. మసి కింద పసుపు రంగు వలయం బయటపడింది. ఇనుప బ్లాకులో ఇత్తడి. ఎప్పుడో ఈ రంధ్రంలో మర అరిగిపోతే ఎవరో దాన్ని పెద్దది చేసి, ఇత్తడి బుష్, అంటే చిన్న గొట్టంలాంటి తొడుగు, మరతో బిగించి, దాని లోపల కొత్త మర కోశారు. చంపినవాడికి ఈ బుష్‌తోనే పని. దీన్ని మాయం చేయాలనుకున్నాడు, చేతకాలేదు.

"దీన్ని బయటికి తీస్తాను," అన్నాడు తిమ్మరాయప్ప. "ఇంజన్ పగిలితే నా మీద ఇంకో కేసు పెట్టు."

చొక్కా విప్పి పనికి దిగాడు. మొదట అడ్డం ఉన్నది విరిగిన బిట్టు. గట్టి ఉక్కు. దాన్ని తొలిచే డ్రిల్లు లేదు. కానీ గట్టి ఉక్కు గాజులాంటిది. సన్నటి పంచిని దాని మీద నిలిపి చిన్న సుత్తితో ఒక్కొక్క దెబ్బే కొడుతూ పొడి పొడి చేశాడు. ఒక ముక్క ఎగిరి కనుబొమ్మను చీల్చింది. నెత్తురు కంట్లోకి దిగుతుంటే భుజంతో తుడుచుకున్నాడు. తర్వాత బ్లోలాంపు వెలిగించి బోల్టు చుట్టూ ఇనుము రంగు మారేదాకా కాల్చాడు. ఆ మంట ముందు అతని ముంజేతి వెంట్రుకలు మాడిపోయాయి. ఇత్తడి ఇనుము కంటే ఎక్కువ ఉబ్బుతుంది, చల్లారితే ఎక్కువ ముడుచుకుంటుంది. మంట పక్కకు తీసి, తడిగుడ్డ పిండి ఆ వలయం మీద పెట్టాడు. బుస్సుమని ఆవిరి లేచింది. ఆ సందులోకి కిరసనాయిలు వదిలి, మళ్ళీ కాల్చాడు, మళ్ళీ చల్లార్చాడు.

చివరికి ఉలి కొసను బోల్టు అంచున ఏటవాలుగా పెట్టి, ఎడమవైపుకు తిరిగేలా కొట్టాడు. కదల్లేదు. మళ్ళీ కొట్టాడు. శ్రీనివాస వద్దనుకుంటూనే దగ్గరికి వచ్చి వంగి చూస్తున్నాడు. అతనే దీపం ఎత్తి పట్టుకున్నాడు. కీచుమని ఒక శబ్దం వచ్చింది. ఆవగింజంత తిరిగింది. ఇంకో దెబ్బకు ఇంకొంచెం. బోల్టు బుష్‌ను వదల్లేదు, బుష్ ఇంజన్‌ను వదిలింది. రెండూ కలిసి మరలు తిరుగుతూ పైకి వచ్చాయి.

తిమ్మరాయప్ప దాన్ని కిరసనాయిల్లో కడిగి తిరగేశాడు. పైభాగం డ్రిల్లు కొరికేసి ఉంది. అడుగుభాగానికి ఎవరి చెయ్యీ తగల్లేదు. అక్కడ ఇత్తడి మీద చుక్కలు చుక్కలుగా ఏవో అక్షరాలు కొట్టి ఉన్నాయి. ఇళ్ళలో గిన్నెల మీద పేర్లు కొట్టిస్తారే, అలాంటివి. ఎడమవైపు 'మ' ఉంది. కుడివైపు 'మ్మ' ఉంది. మధ్య అక్షరాన్ని బోల్టు కోసం వేసిన రంధ్రం తినేసింది.

అతను దాన్ని గుడ్డతో తుడిచాడు. తర్వాత గుమ్మం దగ్గరకు వెళ్ళి నాగక్కను లోపలికి రమ్మన్నాడు. ఆమె నేల మీదికి చూడకుండా, గోడ పట్టుకొని నడిచి వచ్చింది. ఆ వలయాన్ని ఆమె అరచేతిలో పెట్టాడు.

నాగక్క దాన్ని అటూ ఇటూ తిప్పింది. బొటనవేలితో చుక్కలను తడిమింది. కారు చక్రానికి ఆనుకొని కూర్చుండిపోయింది.

"ఇది మా యమ్మదప్పా," అంది. "మద్దమ్మ. మా యమ్మ పేరు. పండ్లు ఊడిపోయినాక ఆకువక్క దంచుకొనే చిన్న రోకలి. ఆమె పోయినాక నేను దాచుకొంటి. ఒకరోజు ఈయప్ప ఎవురి కారుకో మంచి ఇత్తడి దొరకలేదని, నన్ను అడగకుండానే దాన్ని కోసేసినాడు. నెల దినాలు మాట్లాడలేదు నేను."

తనను ఎందుకు రమ్మన్నాడో ఆమెకు అప్పుడు అర్థమైంది. ఆ ఇత్తడిని ప్రమాణంగా గుర్తుపట్టగలిగేది లోకంలో తానొక్కతే. ఆమె బుష్‌ను పిడికిట్లో బిగించి నుదుటికి ఆనించుకుంది.

"ఎవరి కారుకు, నాగక్కా?" అన్నాడు తిమ్మరాయప్ప.

"మామిడి మండీ శ్రీరంగప్పది. ఆయప్పా పోయినాడు, కారూ పోయింది. శూలగిరి మలుపులో లోయలో పడి, మనిషితో సహా కాలిపోయింది గదా, మూడేండ్ల కింద."

పనిబల్ల మీద బ్లోలాంపు ఇంకా బుసకొడుతూనే ఉంది. తిమ్మరాయప్ప శ్రీనివాస వైపు చూశాడు. ఇన్‌స్పెక్టర్ ముఖం పాలిపోయింది. శ్రీరంగప్ప మరణం ప్రమాదమని రాసి మూసేసినవాడు శ్రీనివాసే. ఇప్పుడు అతనే, ఎవరూ అడగకుండా, గుర్తున్నదంతా చెప్పాడు. శ్రీరంగప్పా, ద్వారకనాథూ మండీలో భాగస్తులు. మిలిటరీ వేలంలో ఇద్దరూ ఒకే రకం కార్లు రెండు కొన్నారు. చావడానికి ముందు శ్రీరంగప్ప కారు రిపేరుకని ద్వారకనాథ్ ఇంట్లో వారం రోజులు ఉంది. అక్కడినుంచి తెచ్చుకుంటూనే లోయలో పడ్డాడు. శవాన్ని చూశానే కానీ కాలిన కారులో ఏ ఇంజన్ ఉందో తాను చూడలేదని శ్రీనివాస ఒప్పుకున్నాడు.

"ద్వారకనాథ్ ఇంజన్ అరిగిపోయి ఉంటుంది," అన్నాడు తిమ్మరాయప్ప. "భాగస్తుని కారు కాలబోతుందని ముందే తెలుసు. మంచి ఇంజన్ దాంతోపాటు ఎందుకు కాలాలనుకున్నాడు. రామప్ప చేత మార్పించినాడు. లోపల గోవిందప్ప తొడిగిన ఇత్తడి ఉందని వాళ్ళకు తెలీదు. తెలిసి ఉంటే ఆ కారును ఈ గుమ్మానికి తెచ్చేవాళ్ళే కాదు."

గుమ్మంలో నీడ పడింది. రామప్ప వచ్చాడు. కారును లాగడానికి ఎద్దులను తోలుకొచ్చి బయట నిలిపి, భుజాన లావుపాటి ఇనుప గొలుసు వేసుకొని ఉన్నాడు. కొండలాంటి మనిషి. కుడి అరచేతికి గుడ్డ కట్టు ఉంది. ఇన్‌స్పెక్టర్‌కు వంగి దండం పెట్టి, బండి తీసుకుపోవచ్చా అని అడిగాడు.

"చేతికి ఏమైంది రామప్పా?" అన్నాడు తిమ్మరాయప్ప.

"స్టార్ట్ చేసే హ్యాండిలు ఎనక్కి తన్నింది సామీ."

"హ్యాండిలు తంతే మణికట్టు విరుగుతుంది. అరచెయ్యి చీలదు. బిట్టు విరిగి చెయ్యి జారితే చీలుతుంది."

రామప్ప కళ్ళు ఇంజన్ మీదికి వెళ్ళాయి. ఖాళీ రంధ్రాన్ని చూశాడు. నాగక్క పిడికిలిని చూశాడు. ఆ తర్వాత ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. గొలుసు గాలిలో తిరిగి కానిస్టేబుల్ ముఖాన్ని తాకింది. పళ్ళు రాలిన చప్పుడు వినిపించింది. రెండో విసురు శ్రీనివాస భుజాన్ని విరిచింది. అతను తీయబోయిన రివాల్వరు కారు కిందికి దొర్లిపోయింది. రామప్ప నాగక్క జుట్టు పట్టి లేపి పిడికిలి విప్పబోయాడు. ఆమె బుష్‌ను నోట్లో వేసుకొని పళ్ళు బిగించింది. అతను ఆమె గొంతు పట్టుకున్నాడు.

తిమ్మరాయప్ప మూలనున్న పొడుగు ఇనుప గొట్టం అందుకొని అతని పక్కటెముకల మీద కొట్టాడు. రామప్ప ఆమెను వదిలి ఇటు తిరిగాడు. గొలుసు తిమ్మరాయప్ప మెడ చుట్టూ పడి బిగుసుకుంది. పనిబల్ల మీదికి వెల్లకిలా పడేసి, మోకాలు రొమ్ము మీద పెట్టి లాగుతున్నాడు. కళ్ళ ముందు ఎర్రగా, తర్వాత నల్లగా అయింది. తడుముతున్న చేతికి వేడిగా ఏదో తగిలింది. బ్లోలాంపు. దాన్ని ఎత్తి, మంటను రామప్ప ముంజేతికి ఆనించి అలాగే పట్టుకున్నాడు. మాంసం కాలిన వాసన లేచింది. రామప్ప ఎద్దులా అరిచి గొలుసు వదిలాడు. తిమ్మరాయప్ప అతని కట్టు కట్టిన చేతిని లాగి బల్ల మీద ఇనుమును బిగించి పట్టే వైస్ దవడల మధ్య పెట్టి పిడిని గిర్రున తిప్పాడు. ఎముకలు పటపటమన్నాయి. రామప్ప మోకాళ్ళ మీద పడ్డాడు.

తిమ్మరాయప్ప చెయ్యి ఇంకా పిడి మీదే ఉంది. ఇంకో చుట్టు తిప్పాలని ఒళ్ళంతా అడుగుతోంది. పొద్దున లాఠీ పట్టుకున్నది కూడా ఆ చెయ్యే. పిడి వదిలేశాడు.

"గోవిందప్పను ఎందుకు చంపినావు?"

రామప్ప నెత్తుటి ఉమ్మి ఉమ్మాడు. నొప్పికి ఒళ్ళు వణుకుతున్నా పెదవుల మీద నవ్వు లాంటిదేదో ఉంది.

"ఈ ఇంజన్ ఎవురిదని నన్నే అడిగినాడు. ఏం చెప్పమంటావు?" ఊపిరి పీల్చుకున్నాడు. "నన్ను ఉరి తీస్తే తీసుకో. మా యజమాని పేరు నా నోట రాదు. గోవిందప్ప మాట విన్నోడు ఒకడుండాడు గదా. వాడిప్పుడు యాడుండాడో మీ ఇన్‌స్పెక్టర్‌ను అడుగు."

తిమ్మరాయప్ప తిరిగి చూశాడు. శ్రీనివాస విరిగిన భుజాన్ని పట్టుకొని గోడకు ఆనుకొని ఉన్నాడు.

"ఠాణా జీపు చెడిపోయింది," అన్నాడు. "నిన్న సాయంత్రం ద్వారకనాథ్ వచ్చినాడు. కృష్ణగిరికి ఎట్లాగూ పోతున్నాను, నా కొత్త కారులో దింపుతానన్నాడు. సరేనన్నాను. రెండు గంటలకు బయలుదేరమని చెప్పి వచ్చినాను."

"కారు ఎవరు నడుపుతారు?"

"ఆయనే. కానిస్టేబుల్ ఒకడు ముందు సీట్లో ఉంటాడు. అంజినప్ప వెనక. బేడీలు వేసి..." అతను కళ్ళు మూసుకున్నాడు. "బేడీలు వేసి తలుపు కమ్మీకి కట్టమన్నాను. పారిపోకుండా."

షెడ్డు గోడ మీది గడియారంలో రెండు దాటి కొంచెమే అయింది. కారు ఈపాటికి ఊరు దాటి ఉంటుంది. శూలగిరి మలుపుకు ఇంకా చేరి ఉండదు. షెడ్డులో ఉన్న ఒకే ఒక్క కారుకు ఇంజన్ విప్పి ఉంది. బయట ఉన్నవి జత ఎద్దులు.

నాగక్క ఎప్పుడు బయటికి వెళ్ళిందో ఎవరూ చూడలేదు. తిమ్మరాయప్ప రామప్పను వైస్‌లోనే వదిలి, కారు కింద రివాల్వరు వెతుక్కొని గుమ్మంలోకి వచ్చేసరికి ఆమె తారురోడ్డు నడిమధ్య ఒక పిడికిట్లో ఇత్తడి బిగించి, చేతులు చాచి నిలబడి ఉంది. బెంగళూరు వైపునుంచి మూటల లారీ ఒకటి హారన్ మోగిస్తూ ఆమె మీదికే వస్తోంది. ఆమె కదల్లేదు, కళ్ళు మూసుకోలేదు. బ్రేకులు కీచుమన్నాయి. చక్రాలు రోడ్డును గీరుకుంటూ జారాయి. లారీ ముక్కు ఆమె చేతికి తగిలేంత దగ్గరకు వచ్చి ఆగింది. డ్రైవరు కిటికీలోనుంచి తల బయటపెట్టి తమిళంలో తిట్టడం మొదలుపెట్టాడు.

తిమ్మరాయప్ప అప్పటికే పక్క తలుపు తెరిచి ఎక్కాడు. వెనకనుంచి శ్రీనివాస ఒంటి చేత్తో కమ్మీ పట్టుకొని మెట్టు మీదికి లేచాడు. పాత పగవాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. వాళ్ళిద్దరూ ఎక్కిన తర్వాతే నాగక్క లారీ ముందునుంచి కదిలి తానూ ఎక్కింది. డ్రైవరు తిట్లు మానేసి గేరు వేశాడు. నెత్తురు కారుతున్న ఆ ముఖాలను చూసి ఎక్కడికని అడగడానికి కూడా అతనికి ధైర్యం చాలలేదు.

"శూలగిరి," అంది నాగక్క. "మా తమ్ముడు ఆ మలుపు దాటకముందే."